కోడల్ని మింగిన చెరుకు

ఏంది బిడ్డా, నీ పుస్తకంల అది చెరుకు బొమ్మేనా? పూత పూసిన చెరుకు? ఇగ మీ కాలేజీల ఇప్పుడు చెప్తున్నరు గని స్రవంతీ, గా పూతకు నేను ఎన్నడో బట్ట నేసిచ్చిన. నవ్వకు, నిజమే. గోపాల్ రావు సారు ముచ్చట నీకు చెప్పలేదా? కోరుట్ల అవతల ఊరు వాళ్లది. వెనుకటి దొరలు. తండ్రి ఎప్పుడో పోయిండు. తల్లి కమలమ్మ దొరసాని, తమ్ముడు రఘు, ఈయన పెద్దోడు. చెరుకు మీద పెద్ద చదువు చదివి డాక్టర్ అయిండు. డాక్టర్ అంటే సూది వేసే డాక్టర్ కాదు. ఊరోళ్లకు గది సమజయ్యేదాక మోకాళ్ల నొప్పులని పోయెటోళ్లు. పాపం వద్దనకపోయేది, చేతిల ఓ చెరుకుగడ పెట్టి పంపేటోడు. కొందరికి తక్కువైందని కూడ అన్నరు.

గాయన ఓనాడు సిరిసిల్లల మనింటికి అచ్చి మగ్గం పక్కకు కూసున్నడు. గప్పుడు చేమగ్గమే, ఇప్పటి కరెంటు మగ్గాల లెక్క చప్పుడు లేకపోయేది, మనిషి మాట మనిషికి వినవడేది. "చంద్రయ్యా, గాలి పోవాలె, దుమ్ము పోవద్దు, గసువంటి పలుచటి బట్ట కావాలె" అన్నడు. దోమతెరకా సారూ అంటే, కాదు, చెరుకు పూతకు ముసుగు అన్నడు. ఇగ నేను మొకం చూస్తున్న. అప్పుడు చెప్పిండు. ఓ చెరుకు బాగ తీపి గని పుల్ల లెక్క సన్నం. ఇంకోటి లావు గని సప్పటిది. దీని పుప్పొడి దాని మీద పడి గింజ కడితె, గా గింజ నాటితె, తల్లి తీపి తండ్రి లావు రెండూ వస్తయేమో చూడాలె. నడుమ మూడో దాని పుప్పొడి పడొద్దని ముసుగు. అంటే పెండ్లి గద సారూ అన్న. "పెండ్లే" అన్నడు. నవ్వలేదు. గాయన చెరుకు ముచ్చటల నవ్వకపోయేది.

ఇంట్ల దొరసానికి గదే మంట. "చెరుకులకు సంబంధాలు చూసుకుంట తిరుగుతున్నవు, నీ సంబంధం ఎవలు చూడాలెరా గోపాలూ?" అనేది. ఆమెనే చూసింది. మెట్‌పల్లి పిల్ల, తండ్రి పసుపు వ్యాపారం, మంచి ఇల్లు. ఫలాన పొద్దు అస్తమని మాట ఇచ్చిండ్రు. గదే పొద్దుకు తోటల తీపి చెరుకు పూసింది. మన దిక్కు చెరుకు పూసుడే తక్కువ. పూసినా పుప్పొడి తెల్లారగట్ల జెరంతసేపు రాలుతది, ఇగ అయిపోయినట్టే. ఈయన ముసుగు వట్టుకొని నిచ్చెన ఎక్కిండు. కింద దొరసాని పట్టుచీర కట్టుకొని నిలవడ్డది, కారు రోడ్డు మీద తయారుగ ఉన్నది. "రేపు పోదామే అమ్మా, పూత ఆగదు" అన్నడు మీదికెల్లి. "పిల్ల ఆగుతదా?" అన్నది ఆమె. ఆగలేదు. జగిత్యాల వకీలుకు ఇచ్చిండ్రు. ఆ తర్వాత ఏ సంబంధం రాలేదు. పిలగాడు చెరుకుతోట్ల నిచ్చెన మీద ఉంటడని పేరు పడ్డది. గసువంటి పేరు పడ్డంక పిల్లను ఎవలిస్తరు?

దొరసాని ఏడ్వలేదు, తిట్టలేదు. ఒక్కటే మాట. "నా కోడల్ని మింగిన చెరుకు. దాన్ని నేను మింగుతనా?" గంతే. గాయనకు గా మాట పట్టుకున్నది.

గింజలు అయినయి. గింజ అంటే గింజ కాదు, నలుసు. తట్టలల్ల మొలకెత్తిచ్చిండు, మొలకకో తీరు. ఏరంగ ఏరంగ ఏండ్లు వట్టింది. రసం ఓ చుక్క అద్దం మీద వేసి కంటికి పెట్టుకునే గొట్టం ఉంటది, దాంట్ల తీపి కనవడ్తదట. ఒక్క మొక్క దొరికింది బిడ్డా. నేను తిన్న. దవడలు అంటుకున్నయి. కని సన్నం. లావు రాలే. రైతులకు చూపిచ్చిండు. నర్సింగం అని ఆ ఊరాయన తిని, మూతి తుడుచుకొని, "మంచిగున్నది సారూ, కని ఫ్యాక్టరీ కాంట మీద తీపి తూగుతదా?" అన్నడు. తూగది. ఎవ్వలు నాటలే. మళ్ల మళ్ల కలిపిండు. లావు అస్తె తీపి పోయింది, తీపి అస్తె లావు పోయింది. గదే రాసి పంపిస్తె ఏదో పెద్ద పుస్తకంల అచ్చువడ్డది. ఇంట్ల చదివి చెప్పిండు. దొరసాని విన్నది, విని, "గిది మనుషులను చూస్తె ఎరుక కాదా, గింత చదవాల్నా?" అన్నది.

గాయనకు రైతులు నాటలేదన్న రంది లేకపోయేది, సూడు. తల్లి ఓ ముక్క తినాలె, గదొక్కటే. ఏటా గడ కోసి, చెక్కి, చిన్నచిన్న ముక్కలు చేసి, పళ్లెంల పెట్టి తెచ్చేటోడు. నేను బట్టలు తీస్కపోయినప్పుడు చూసిన. ఆమె పళ్లెం దిక్కు చూడకపోయేది. తర్వాత షుగరు బీమారి అచ్చింది, ఇంక మంచిగైంది ఆమెకు. "డాక్టరు వద్దన్నడు" అనేది. జిలేబి మాత్రం డాక్టరుకు కనవడకుంట తినేది. ఈయనకు గది ఎరుకే. పళ్లెం తెచ్చుడు మానలే, అడుగుడూ మానలే.

గట్లనే పోయిండు, తెలంగాణ రాకముందు. గుండె ఆగింది. తల్లి ఉండంగనే. దినాలనాడు నేను పోయిన. పిట్టకు పెట్టిండ్రు, కాకి అచ్చి ముడితెనే పోయినోని మనసు నిండినట్టు గద. బువ్వ, మాంసం, గాయన తాగే చాయ, అన్ని ఆకుల పెట్టి అందరం దూరం జరిగినం. పిట్ట రాలే. ఎండ మీదికచ్చింది, రాలే. మనసుల ఏదో ఉండిపోయింది, మాట ఇయ్యుండ్రి అన్నరు పెద్దమనుషులు. తమ్ముడు ముందటికి అచ్చి దండం పెట్టి, "అన్నా, నీ చెరుకుమడి మేం ముట్టం" అన్నడు. అప్పటికే గా మడిల పెట్టనీకె పసుపు కొమ్ములు తెప్పిచ్చి కొట్టంల పోసిండు. పిట్టలు కొట్టం మీదనే కూసున్నయి, రాలే. పెండ్లి కాలేదు గద, గందుకేనని ఎవలో గుసగుస పెట్టిండ్రు. దొరసాని విన్నది. పరశురాములని పాలేరు ఉండె, ఆయనను పిలిచి "ఓ గడ కొట్కరాపో" అన్నది. ఆకుల పెడ్తదనుకున్నం. ఆయన చెక్కి ముక్కలు చేసి ఆకు కాడికి పోవట్టిండు. "ఇటు తే" అన్నది.

నోట్లె పెట్టుకున్నది. పండ్లు మూడో నాలుగో ఉన్నయేమో. చానాసేపు నమిలింది. పిప్పి చేతిలకు ఉమ్మి చూసుకున్నది. ఏమంటదో అని అందరం ముందటికి వంగినం. చెయ్యి సాపింది, ఇంకో ముక్క కోసం.

పిట్టనా? అచ్చిందో లేదో. ఎవలు చూసిండ్రు బిడ్డా, అందరం ఆమెనే చూడవడ్తిమి.

ఇగో, కరెంటు అచ్చింది. ఫ్యాను ఎయ్యి.