వెనక బ్రేకు

అదిగో, మళ్ళీ ఆ నూనె చేతులు నా తువ్వాలుకే తుడిచారు! ఇంట్లో పాత గుడ్డలకే కరువొచ్చిందా? నిన్ననే ఉతికి ఆరేశానండీ దాన్ని. సరే, కానివ్వండి. మళ్ళీ ఉతికేది నేనేగా.

నేను పని నుంచి వచ్చి మంచినీళ్ళు తాగేలోపే చైనుకు నూనె మొదలుపెట్టేయాలా? లేవకండి, కూర్చోండి. ఆ మోకాలి మీది వేడినీళ్ళ సంచి తీశారంటే ఊరుకోను. నా కాళ్ళకేసి ఏంటలా చూస్తున్నారు? చెప్పు అరిగిందనా? దాని సంగతి తర్వాత చెబుతాను.

నాకు సైకిలు గురించి కొన్ని డౌట్లున్నాయి. అడుగుతాను, చెప్పండి. ఇంట్లో ఇంత పెద్ద మెకానిక్కుని పెట్టుకుని బయటివాళ్ళని అడిగితే మీ పరువేం కాను?

నేను మలుపులో పడి మోచెయ్యి గీరుకున్న రోజున ఏమన్నారు? షాపుకిస్తే పాడుచేస్తారు, సర్వీసింగు నేనే చేస్తానన్నారు. వసారాలో సైకిలంతా విప్పి పరిచారు. అన్నానికి పిలిస్తే ఇదిగో అయిపోయింది, ఇదిగో అయిపోయింది అంటూ అన్నం చల్లారబెట్టారు. సైకిలు మాత్రం మెరిసిపోయింది, అబద్ధమెందుకు. కానీ ఆ మర్నాటి నుంచే అది కదలదేం? తొక్కుతుంటే బీరువా నెట్టుకెళ్తున్నట్టుండేది.

అడిగితే, కొత్త గ్రీజు కదా, అలవాటు పడాలన్నారు. గ్రీజు అలవాటు పడాలట! నేను నమ్మాను కూడా. తర్వాత గాలి తక్కువన్నారు, కొట్టారు. గాలి ఎక్కువైందన్నారు, తీశారు. ఆఖరికి, "వయసు కూడా చూసుకోవాలి కదా" అన్నారు. గుర్తుందా? నాకెంత ఒళ్ళు మండిందంటే ఆ రోజు కూరలో కావాలనే ఉప్పు వేయలేదు. మీరు నోరెత్తకుండా తినేశారు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

ఇక లాభం లేదని కోడలికి ఫోన్ చేశాను. సైకిలు నేర్పింది అదే కదా. "అత్తయ్యా, ముందు వెనక చక్రం పైకెత్తి చేత్తో తిప్పి చూడండి" అంది. తిప్పాను. సగం చుట్టు తిరిగి ఆగిపోయింది! వంగి చూద్దును కదా, బ్రేకు రబ్బర్లు రెండూ రిమ్ముని అటూ ఇటూ కౌగిలించుకుని కూర్చున్నాయి.

ఏంటి గొణుగుతున్నారు? పొరపాటా? జీవితమంతా మిల్లులో మిషన్లు బిగించిన మనిషికి పొరపాటా? పక్కింటి ఫ్యాను మోత విని, బేరింగు పోయిందని గోడకి ఇవతలి నుంచే చెప్పే మనిషి మీరు, మన సైకిలు వీధంతా కిర్రుమంటుంటే మీ చెవిన పడలేదా?

నిజం చెప్పాలంటే ముందు నాకు కోపమే వచ్చింది. వీధిలో అందరూ నవ్వుతున్నా పడుతూ లేస్తూ సైకిలు నేర్చుకున్నాను. కుట్టు కేంద్రంలో పని సంపాదించుకున్నాను. అది మీకు గిట్టడం లేదేమో, మెల్లగా ఇంట్లో కూర్చోబెడదామని చూస్తున్నారేమో అనుకున్నాను. మొహం మీదే అడిగేద్దామనుకున్నాను.

మర్నాడు ఆ పెద్ద అద్దాల షాపు ముందు నుంచి వెళ్తున్నానా, అద్దంలో నేను కనబడ్డాను. నా వెనకాల ఇంకెవరో కూడా కనబడ్డారు. ఆ, తల దించుకోండి, దించుకోవాల్సిందే! నెత్తిన టోపీ, చేతిలో ఖాళీ సంచీ, కుంటుకుంటూ పరుగులాంటి నడక. నేను తల తిప్పగానే పోస్టు డబ్బా వెనక్కి నక్కారు. అది మీ నడుము దాకా కూడా రాదండీ! డాక్టరు నడవమన్నాడని రోజూ పొద్దున్నే తయారయ్యేది ఇందుకన్నమాట. మీరు నడవగలిగినంత వేగానికి నా సైకిల్ని బిగించారన్నమాట.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ చేశాను, తొక్కుతూనే.

ఆ సాయంత్రం మీరు స్నానానికి వెళ్ళగానే, మీ పానాతోనే ఆ బ్రేకు నట్టు వదులు చేసేశాను. అవును, నేనే. మీరేమో చైను, చైను అని దాన్నే పట్టుకుని వేలాడుతున్నారు గానీ, బ్రేకు వైపు మళ్ళీ చూస్తేనా?

మరి ఆ తర్వాత కూడా నత్తలాగే వెళ్ళావుగా అంటారా? ఎలా వెళ్ళను చెప్పండి, వెనకాల మీరు కుంటుకుంటూ వస్తుంటే? కాలు ఆనిస్తే ఉరికే సైకిల్ని పట్టి పట్టి తొక్కడం ఎంత కష్టమో మీకేం తెలుసు! మీరు మరీ వెనకబడితే, చైను ఊడినట్టు దిగి నిలబడేదాన్ని. ఆ చైనుకేం కాలేదండీ. అది ఒక్కసారి కూడా ఊడలేదు. పాపం, మీరు రోజూ దానికి నూనె పోస్తూనే ఉన్నారు.

దాంతో రోజూ లేటే. నిన్న సూపర్‌వైజరమ్మ పిలిచి నెమ్మదిగానే చెప్పింది, ఇంకొక్కసారి ఆలస్యమైతే కిటికీ పక్క మిషను వేరే ఆవిడకి ఇచ్చేస్తానని. నాకు ఆ మిషను కావాలండీ. అక్కడ కూర్చుంటే నేను ఒకరి భార్యనీ, ఒకరి అమ్మనీ మాత్రమే కాను. కాలరు కుట్టాలంటే ఈవిడే కుట్టాలని పేరు తెచ్చుకున్న మనిషిని.

ఇవాళ మీ మోకాలు పట్టేసి ఇంట్లో ఉండిపోయారు కదా. వెనక్కి తిరిగి చూస్తే ఎవరూ లేరు. తొక్కాను. ఏం తొక్కాననుకున్నారు! చెవుల్లో గాలి హోరెత్తిపోయింది. పాల బండిని దాటేశాను, మీరు చూసి ఉండాల్సింది.

గోడౌన్ల దగ్గర వాలు దిగుతూ బ్రేకు నొక్కాను. పట్టలేదు. గట్టిగా నొక్కాను. అసలు పట్టలేదండీ. ముందు బ్రేకు నొక్కితే బోర్లా పడతావని మీరే భయపెట్టారుగా, దాని మీదికి చెయ్యే పోలేదు. ఎదురుగా లారీ రివర్సులో వస్తోంది. చెప్పు నేలకేసి రాచి రాచి, చెయ్యి చాస్తే లారీ అందేంత దగ్గర ఆగాను. ఇదిగో చెప్పు, మడమ దగ్గర కాగితంలా అయిపోయింది చూడండి.

లేవకండన్నానా! ఏం కాలేదు. మీ ఎదురుగానే ఉన్నాగా. టైముకి వెళ్ళాను కూడా. ఒక కాలరు వంకరపోతే విప్పి మళ్ళీ కుట్టాల్సొచ్చింది, అంతే.

తిట్టండి. తిట్టరేం? అయ్యో, కళ్ళు తుడుచుకోవడానికి ఆ నూనె చెయ్యే దొరికిందా? ఇదిగో తువ్వాలు. ఎలాగూ మాసిందేగా.

మీకేమో బిగించడమే వచ్చు, నాకేమో వదులు చేయడమే వచ్చు. మంచి మెకానిక్కులమే దొరికాం ఆ సైకిలుకి! రండి, వెనక చక్రం నేను ఎత్తి పట్టుకుంటాను, మీరు కూర్చునే నట్టు తిప్పండి. చక్రం తిరగాలి, నొక్కితే ఆగాలి. అంతవరకే. ఊఁ, ఇంకొంచెం. ఆఁ, చాలు. చాలండీ. చాలన్నానా!

రేపు వీధి మలుపు దాకా వచ్చి నిలబడండి, చాలు. అక్కణ్ణించి నేను వెనక్కి తిరిగి చూడను. చూశానంటే మళ్ళీ నెమ్మదిగా తొక్కేస్తాను, నా సంగతి నాకు తెలుసు.