ఒప్పుకున్నంతే మిగిలింది

సభకు అధ్యక్షత వహిస్తున్న డాక్టర్ తుహామీ గారికి, సూసా నుంచి రైల్లో వచ్చిన వసీలా టీచరు గారికి, సరిహద్దు దాటి కారులో వచ్చిన ఒరాన్ మిత్రులు సీ లఖ్దర్‌కి, మా ట్యూనిస్ బృందం పెద్ద సీ మున్సిఫ్‌కి, కుర్చీలు చాలక గోడకు ఆనుకుని నిలబడ్డ యువతీయువకులకు, అందరికంటే ముందుగా, ఈ వీడ్కోలు సభ వద్దని చివరిదాకా పోట్లాడి ఓడిపోయి వచ్చి కూర్చున్న మా లల్లా నజీహా గారికి నా సలాం.

మాట్లాడే పని నాకెందుకు అప్పగించారో తెలుసు. నేను అలెగ్జాండ్రియావాణ్ణి; మగవాళ్ళను 'సీ' అనీ ఆడవాళ్ళను 'లల్లా' అనీ గౌరవంగా పిలవడం మీ దగ్గరే నేర్చుకున్నాను. ట్యూనిస్ వాళ్ళనూ ఒరాన్ వాళ్ళనూ సమానంగా తిట్టగలిగినవాణ్ణి ఈ హాల్లో నేనొక్కణ్ణే. (నవ్వులు) నవ్వకండి సీ మున్సిఫ్, మీ వంతు ముందే వస్తుంది.

ఇక్కడికి వచ్చిన బంధువుల్లో చాలామందికి నజీహా గారు ఏం పని చేసేవారో సరిగ్గా తెలియదు. ఆవిడ భర్త హమ్మాదీ గారే ఇందాక తలుపు దగ్గర నన్ను పట్టుకుని, "నువ్వు మాట్లాడుతున్నావుగా, ఇన్నేళ్ళూ మా ఆవిడ ఏం చేసిందో నాకూ తెలిసేట్టు చెప్పు బాబూ" అన్నారు. (నవ్వులు) చెబుతాను. కంప్యూటర్‌ను నడిపే మూల వ్యవస్థ ఒకటి ఉంటుంది. దాన్ని ఎవరైనా ఉచితంగా తీసుకుని, విప్పి చూసి, మార్చుకుని, మళ్ళీ పదిమందికి పంచవచ్చు. మన బడుల కోసం అరబీలో అలాంటిది మున్సిఫ్ బృందం ఇక్కడ ట్యూనిస్‌లో ఒకటి చేసింది, లఖ్దర్ బృందం ఒరాన్‌లో ఇంకొకటి చేసింది. రెండూ మంచివే. అయితే ఒకదాని కోసం కట్టిన సాఫ్ట్‌వేర్ మూట రెండోదానిలో విప్పుకునేది కాదు. మూట మీద "నాకు ఫలానా భాగం కావాలి" అని రాసి ఉంటుంది. అదే భాగానికి ఇక్కడ ఒక పేరు, అక్కడ ఇంకో పేరు. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, కావలసింది లోపలే ఉన్నా కంప్యూటర్ లేదనేది. ఆ పేర్లు, ఆ అమరికలు రెండుచోట్లా ఒకటిగా ఉండేలా ఇద్దరినీ ఒప్పించడమే నజీహా గారి ఉద్యోగం. వినడానికి చిన్న పని. చేసి చూడండి.

అసలు ఆవిడ ఈ పనిలోకి వచ్చింది వసీలా గారి వల్ల. సూసాలో వసీలా గారు పాఠాలు చెప్పే చూపులేని పిల్లల బడిలో తెర మీది అక్షరాలను పైకి చదివే గొంతు ఒకటుండేది. అది ఒరాన్ వాళ్ళు చేసిన గొంతు. బడిలో కంప్యూటర్లను ట్యూనిస్ వ్యవస్థకు మార్చిన రోజు గొంతు ఆగిపోయింది. పిల్లలు మీటలు నొక్కుతూ, చెవి ఒగ్గి, అలా కూర్చుండిపోయారట.

నజీహా గారు ఇద్దరు పెద్దమనుషులనూ ఆ బడికే రప్పించారు. ఆవిడతో పనిచేసేవాణ్ణి కనుక నేనూ వెళ్ళాను. తరగతి గదిలో పిల్లల బల్లల మీద ఇరుక్కుని కూర్చుని వీళ్ళిద్దరూ వాదించుకున్న తీరు నా కళ్ళముందే ఉంది.

"పేరు మేం ముందు పెట్టాం ఖూయా, మార్చాల్సింది మీరు" అన్నారు లఖ్దర్.

"ముందు పెట్టినంత మాత్రాన సరైనదైపోతుందా తమ్ముడూ? మా అమరిక చూడు, ఎంత శుభ్రంగా ఉందో" అన్నారు మున్సిఫ్.

"శుభ్రంగా ఉండక ఏం? అందులో ఏమీ లేదుగా!"

(నవ్వులు) అప్పుడు మేమూ ఇలాగే నవ్వాం. వసీలా గారు మాత్రం నవ్వలేదు. "అయ్యా, మీ ఇద్దరి గొంతులూ చక్కగా వినిపిస్తున్నాయి. మా పిల్లలకు కావలసిన గొంతు వీటిలో ఏదీ కాదు" అన్నారు. సాయంత్రంలోగా ఆ ఒక్క సాఫ్ట్‌వేర్‌కు, దానికి కావలసిన భాగాలకు ఉమ్మడి పేర్లు కుదిరాయి. తిరుగు రైల్లో నజీహా గారు కిటికీకి తల ఆనించి, "ఇంతటితో ఆగకూడదు బహ్గత్, మిగతావి కూడా ఇలాగే ఒప్పించాలి" అన్నారు.

మిగతావి ఒప్పించలేకపోయాం. ఆవిడ ఒరాన్ వెళ్ళారు, మళ్ళీ వెళ్ళారు. మోకాళ్ళ నొప్పులతో షేర్ టాక్సీల్లో పొద్దంతా కూర్చుని వెళ్ళారు. ఇక్కడివాళ్ళు ఆవిణ్ణి ఒరాన్ పక్షమన్నారు, అక్కడివాళ్ళు ట్యూనిస్ గూఢచారి అన్నారు. చివరికి ఇద్దరూ సరేనన్నారు, ఒప్పందం మీద సంతకాలు పెట్టే సభకు తేదీ కుదిరింది. ఆ రోజు నజీహా గారు ఇంట్లో చేప కుస్కుస్ వండించి తెచ్చారు. లఖ్దర్ రాలేదు. ఆయన బృందానికి వచ్చే డబ్బు సాయం ఆగిపోయింది, బృందంలోని కుర్రాళ్ళు తలో ఉద్యోగానికి వెళ్ళిపోయారు. ఆవిడ ఫోన్ చేస్తే ఆయన ఒకటే అన్నారట: "పొయ్యి ఆరిన ఇంటి తరఫున సంతకం ఏం పెట్టను లల్లా?"

"పొయ్యి ఆరితే ఆరింది, నువ్వు రా నాయనా" అన్నారీవిడ. ఆయన రాలేకపోయారు.

తర్వాత ఒరాన్ బడులన్నీ మున్సిఫ్ వ్యవస్థకు మారాయి. మున్సిఫ్ బృందం మనస్ఫూర్తిగా సాయం చేసింది, అది చెప్పాలి. అక్కడి చూపులేని పిల్లల కంప్యూటర్లలో గొంతు ఒక్క పూట కూడా ఆగలేదు. కానీ లఖ్దర్ మనుషులు ఏళ్ళ తరబడి చేసిన నిఘంటువు, పిల్లల లెక్కల ఆటలు, అక్కడి కొండప్రాంతాల కబైలీ భాషలో రాసుకునే సాధనం, ఇవేవీ ఇటు రాలేదు. కట్టినవాళ్ళు లేరు, విప్పడం మాకు చేతకాలేదు. ఆ బడిలో ఒప్పుకున్నంతే మిగిలింది. వాదించుకున్నదంతా పోయింది.

ఇవాళ చూస్తే సీ లఖ్దర్, సీ మున్సిఫ్ పక్కపక్కన కూర్చుని ఒకే పళ్ళెంలో మక్రూద్ మిఠాయి తింటున్నారు. చూస్తుంటే కడుపు నిండుతోంది. ఒప్పుకోవడానికి ఇంకేమీ మిగలని రోజున స్నేహితులయ్యారు. నొప్పిస్తే క్షమించండి, మీ ఇద్దరి మీదా ఉన్న ప్రేమకొద్దీ అంటున్నాను.

లల్లా నజీహా, మీకు శాలువా కప్పాం, పూలిచ్చాం. మీరు మమ్మల్ని అడిగింది అవి కావు. అడిగింది ఇవ్వలేకపోయాం. మీ కుర్చీలోకి ఎవరినీ తీసుకోవడం లేదని పైవాళ్ళు చెప్పేశారు. నిన్న మీరు బల్ల సర్దుకుంటూ, "నా తర్వాత వీళ్ళకు ఫోన్లు ఎవరు చేస్తారు?" అని అడిగారు.

ఓపిగ్గా విన్న అధ్యక్షులవారికి, దూరాలు దాటి వచ్చిన మీకందరికీ కృతజ్ఞతలు. కొత్త వ్యవస్థలు కడుతున్న యువతీయువకులకు ఒక్క మనవి. రేపు పొద్దున మీ ఫోన్ మోగుతుంది. ఆ పిలుపు నజీహా గారిది కాదు, మీ యాస సరిగ్గా రాని ఒక ఈజిప్టువాడిది. దయచేసి ఎత్తండి. నాకిక సెలవు.