నలభై గొంతుల కచేరీ

దర్జీ బావకి ఆ ఉదయం టీ గొంతు దిగడం లేదు. భార్య వాళ్ల అక్కని చూడటానికి వెళ్తూ, కొత్తగా తెచ్చుకున్న నలభై కోడిపిల్లల్ని పెరట్లో చెక్కపెట్టెలో అతనికి అప్పజెప్పింది. వచ్చేసరికి ఒక్కటి తగ్గినా ఊరుకోనని మరీ చెప్పి వెళ్లింది. బయట చలిగాలి. మనసు పెరట్లోకే పీకుతోంది, కాళ్లు మాత్రం టీ కొట్టుకొచ్చాయి. భయమేస్తే కోతలు కోయడం అతనికి చిన్నప్పటి అలవాటు.

పిల్లలెలా ఉన్నాయి బావా అని సైకిల్ షాపాయన అడగడమే ఆలస్యం, అందుకున్నాడు.

"ఎలా ఉండటమేంటి, రాజభోగం. పెట్టెలో బల్బు కట్టాను. అందరూ కిందికి కడతారు, నేను మూరెడు పైకి కట్టాను, లేత ప్రాణాలు కమిలిపోవూ? ఆ వెచ్చదనానికి పక్కింటివాళ్లు తడిబట్టలు తెచ్చి నా గోడ మీద ఆరేసుకున్నారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పిల్లల్ని ఎత్తుకుపోదామని పిల్లి వచ్చింది. వచ్చి, పెట్టె పక్కన ఓ కునుకు తీసి, లేచి, ఇంకో పిల్లి వస్తే తరిమికొట్టింది."

"పిల్లి కాపలా కాసిందా?"

"పిల్లే. మరి కోడిపిల్లలకి ఏం చేశానో తెలుసా? మిగిలిన గుడ్డముక్కలతో నలభైకీ కోట్లు కుట్టాను, ఒక్కోదానికి రెండు జేబులు."

జేబులు నూకలు దాచుకోవడానికట. కొలతలు తీస్తుంటే ఒక్కటీ కదల్లేదట. అందరూ నవ్వారు. ఆ నవ్వులకి అతనికి కాస్త ధైర్యమొచ్చింది.

"అసలు సంగతి వినండి. ఆ సుఖానికి తెల్లారినప్పట్నుంచీ ఒకటే పాట. నలభై గొంతులూ ఒక్క శ్రుతి. అన్నీ ఒక మూలకి చేరి, ఒకదాని మీద ఒకటెక్కి మరీ పాడాయి. వీధి చివర సంగీతం మాస్టారొచ్చి, వీటికి గురువెవరండీ అని అడిగాడు."

టీ కొట్టు పిన్ని నవ్వలేదు. ఆవిడ చిన్నప్పట్నుంచీ కోళ్లు పెంచిన మనిషి. టీ గిన్నె దించి పక్కన పెట్టింది.

"వెచ్చగా ఉన్న పిల్ల అరవదు నాయనా, పడి నిద్రపోతుంది. చలికి ఓర్చుకోలేకే అరుస్తాయి, ఒకదాని మీద ఒకటెక్కుతాయి. కిందవాటికి ఊపిరాడదు. నువ్వొచ్చేటప్పుడు అరుస్తున్నాయా?"

అరవడం లేదు. పాడి పాడి అలిసి పడుకున్నాయనుకుని, తలుపు దగ్గరికేసి వచ్చాడు. అతను ఇంటివైపు చూశాడు.

"బల్బు కిందికి దించి, గాలి తగలకుండా గోనె కప్పు. వెళ్లు" అంది పిన్ని.

గ్లాసు ఎక్కడ పెట్టాడో తెలియకుండానే పరుగందుకున్నాడు. పెరటి తలుపు దగ్గర ఆగి, చెవి ఒగ్గాడు. చాలాసేపటికి లోపల్నుంచి సన్నగా ఒక్కటి కీచుమంది. దాన్ని రెండనుకోవడానికి కూడా దర్జీ బావకి ధైర్యం చాలలేదు.