కుడికన్ను ఫైలు

కూర్చోమనకు అక్కా. కూర్చునే ఓపిక లేదు నాకు. ఆ అద్దాలు తుడవడం ఆపి ముందు నా మొహం చూడు. ఈ కళ్ళజోళ్ళ షాపులో రోజుకి ముప్ఫైమందికి కళ్ళు పరీక్ష చేస్తావు. సొంత చెల్లెలి కంట్లో పొడవడానికి నీకు చెయ్యెలా వచ్చింది?

ఆ డాక్టరు ఫోన్ చేసి నా పాత కాగితాలు అడిగాడు, సరే. పైలట్లకి మెడికల్ చేసేవాడు, అడగడం ఆయన పని. కంటి కండరాలకి ఎప్పుడైనా వైద్యం జరిగిందా అని ఫారంలో ఉంటే లేదని రాశాను. నీ కళ్ళెవరు చూస్తారమ్మా అంటే మా అక్కేనని ఈ నంబరే ఇచ్చాను. నువ్వున్నావన్న ధీమా మరి.

పాత కాగితాలు ఎక్కడో పోయాయండీ అని ఒక్క ముక్క అంటే నీ సొమ్మేం పోయేది? అరగంటలో ఫైలంతా పంపేశావు. తారీఖులతో సహా. "అలసిపోతే కుడికన్ను బయటికి జారుతుంది" అని నీ గుండ్రటి దస్తూరీలో.

అది చదివాక ఇంక వదుల్తాడా? కంటికి అట్ట అడ్డం పెట్టడం, తియ్యడం, ఇరవైసార్లు. మొదట్లో పళ్ళు బిగించి కన్ను నిలబెట్టాను. పదోసారికో పదకొండోసారికో జారింది. ఆయన పెన్ను తీశాడు. ఆపరేషన్ చేయించుకుని, కన్ను కుదుటపడ్డాక రామ్మా అన్నాడు, ఊరెళ్ళి రమ్మన్నంత తేలిగ్గా.

చూపేమైనా తక్కువా నాకు? ఆఖరి వరస గడగడా చదివాను. దేనికది బంగారంలాంటి కళ్ళు. కలిసి ఉండవు, అంతే. మనింట్లో మాత్రం ఎవరు కలిసి ఉన్నారు?

నవ్వకు.

పెన్సిల్ ముక్కు దగ్గరికి తెచ్చుకుని రెండు కాకుండా చూడమని నేర్పింది నువ్వు. మూడుపూటలా చేశాను. బస్సులో చేస్తుంటే పక్కావిడ లేచి వేరే సీట్లోకి వెళ్ళిపోయింది. అయినా చేశాను. ఎందుకు, ఇందుకా?

ఏంటీ? ఎవరికైనా ఏదైనా అయితేనా? ఇన్నాళ్ళూ ఎవరికేమైంది? నేను నేర్చుకునే ఆ విమానానికి ఒక్క గీతైనా పడిందా?

అలా చూడకక్కా.

తలుపు దగ్గరికి వెయ్యి.

మొన్న గురువారం. నేర్పే ఆయన పక్కనే ఉన్నాడు. పొద్దున్నించీ ఎగరడం, దిగడం, అదే పని. ఎదురెండ. నాలుగోసారి కిందికి వస్తుంటే రన్‌వే ఒక్కటే ఉంది. ఉన్నట్టుండి రెండయ్యాయి. పక్కపక్కనే, రెండిటికీ తెల్లగీతలు. ఏది నిజమో తెలీలేదు. కుడికన్ను మూసేసి, మిగిలినదాని మీద దించాను. ఇవాళ్టికి ఇదే బాగా దించావని ఆయన భుజం తట్టాడు. నేను థాంక్సండీ అన్నాను.

ఎవరికీ చెప్పలేదు. ఆయనకీ చెప్పలేదు, ఈ డాక్టరుకీ చెప్పలేదు. ఇవాళ పాసైపోయుంటే వచ్చేవారం ఒక్కదాన్నే పైకి వెళ్ళాలి. వెళ్ళేదాన్నే అక్కా. నోరు మూసుకుని వెళ్ళిపోయేదాన్ని.

చెయ్యి తియ్యి, నన్ను పట్టుకోకు. కోపం ఇంకా అలాగే ఉంది నాకు. ఆ ఆపరేషన్‌కి తారీఖేదో నువ్వే తీసుకో. ఆస్పత్రికి తోడుగా మాత్రం అమ్మని పంపు. నువ్వు రాకు.