ఆడపులి సాగనంపిన చీర

సద్దుల బతుకమ్మ నాటి మధ్యాహ్నం. హన్మకొండలో దీప బొటిక్ ముందరి అరుగు మీద తంగేడు, గునుగు పూలు కుప్పలు పోసి ఉన్నాయి. ఆ పూల నడుమ బంగారు రంగు కాగితం చుట్టిన ప్యాకెట్ ఒకటి. లోపల చీర ఉందని ఫిర్దోస్‌కు తెలుసు, తెచ్చింది తనే. ఆ చీర మొదట ఎవరిదో మాత్రం తెలియదు. అందుకే ఆ పిల్లకు పొద్దుటినుంచి కుదురు లేదు.

దీప అంటే చెప్పుల రంగు చూసుకుని చెవి కమ్మలు మార్చే మనిషి. నచ్చని వస్తువు ఎదురైతే ఒక్క మాట అనదు. ముక్కు కొస కొంచెం ముడుస్తుంది, అంతే. ఆ ముడత చూసి కుట్టిన జాకెట్టు కుట్లు విప్పేసిన టైలర్లున్నారు. దసరా దాటగానే ఆమె షాపులో కొత్త కౌంటర్ ఒకటి పెడుతోంది. స్టైలుగా తిరిగే స్నేహితురాళ్లకు పండుగకు ఏమివ్వాలో తోచక తలలు పట్టుకునే ఆడవాళ్లకు, మనిషిని బట్టి గిఫ్టు ఎంచి, చుట్టి ఇచ్చే కౌంటర్. ఆ కౌంటర్‌లో కూర్చునే పని తనకిమ్మని ఫిర్దోస్ అడిగింది. ‘పండుగకు నాకేం తెస్తవో చూసి చెప్త’ అని దీప నవ్వింది. డిగ్రీ మధ్యలో ఆపేసి, నాలుగు చోట్ల పనికి కుదిరి నాలుగు చోట్లా నిలవని పిల్లకు ఆ నవ్వే పరీక్ష పేపరైంది.

మూడు రోజులు బజారంతా తిరిగింది. కమ్మలు చేతిలోకి తీసుకుంటే దీప ముక్కు కనబడింది. హ్యాండ్‌బ్యాగు తీస్తే ముక్కు. అత్తరు సీసా మూత తీస్తే సాక్షాత్తు ముక్కే. మూడో రోజు షాపులవాళ్లు షటర్లు దించుతుంటే ఉత్త చేతులతో ఇంటికొచ్చి, అమ్మ అజ్మత్ బీ బీరువా తెరిచింది. పోయినేడు అక్క షాహీన్ పెండ్లికి వచ్చిన పెట్టుడు చీరలు ఇంకా కవర్లలోనే ఉన్నాయి. అందులో నెమలి మెడ రంగు పట్టుచీర కొంగు చూసి ఫిర్దోస్ ప్రాణం లేచొచ్చింది. ఎవరు పెట్టారమ్మీ అని అడిగితే, ఆ రోజు ఎన్ని కవర్లొచ్చినయో, ఎవరిదని యాదికుంటదని తల్లి అటు తిరిగి పడుకుంది.

ప్యాకెట్ చుట్టినాక, పొద్దున ఇక్కడికి నడిచొస్తుంటే తట్టింది. ఆ పెండ్లికి దీప వచ్చింది. దీప దగ్గర ఫాల్స్ కుట్టే మొగిలమ్మ వచ్చింది. పార్లర్ భవాని వచ్చింది. పక్కన చాయ్ డబ్బా నడిపే రాయమల్లు కూడా భార్యతో వచ్చాడు. చీర వీళ్లలో ఎవరిదైనా కావచ్చు.

“ఏం తెచ్చినవే?” అంటూ దీప ప్యాకెట్ ఒళ్లోకి తీసుకుని, టేపు కిందికి గోరు పోనిచ్చింది.

“జర ఆగక్కా,” అంది ఫిర్దోస్. “ఇది ఎట్లొచ్చిందో వినకుంట తెరిస్తే దాని ఇజ్జత్ పోతది.”

గోరు ఆగింది.

మొదట ఆమె చెప్పింది చిన్న కోతే. దీపక్కకు బజారు సరుకు పనికిరాదని ఓ రోజు పొద్దుగాల బస్సెక్కి పాలకుర్తి పోయిందట. అక్కడ గుట్ట కింద వెంకట్రాజమని ఒక ముసలాయన, తొంభై ఏండ్లు, ఏడాదికి ఒక్కటే చీర నేస్తాడట, అది కూడా కట్టుకునే మనిషి సంగతి విని మనసొప్పితేనే. పాలకుర్తి దాకా పోయిన్నంటే నమ్మొచ్చునని మొగిలమ్మ గునుగుపూల కట్టను ఆకుపచ్చ రంగు నీళ్లలో ముంచుతూ తల ఊపింది. దీప గోరు మళ్లీ టేపు మీదికి వచ్చింది.

“ఆ తర్వాత ఏమైందో ఎరికేనా?” అని ఫిర్దోస్ ముందుకు జరిగింది. “ఆమె ఎట్లుంటదో చెప్పు బిడ్డా అన్నడు. నువ్వు నడిచేది చెప్పిన, మెట్లు దిగేటప్పుడు కుచ్చిళ్లు రెండు వేళ్లతోని పట్టుకునేది చెప్పిన, ఇగ ఆ ముసలాయన మగ్గం మీదికెళ్లి లేచి, హన్మకొండ దిక్కు తిరిగి దండం పెట్టిండక్కా, కసం.”

దీప పెదవులు నవ్వుకు విచ్చుకున్నాయి. గోరు మాత్రం టేపు మీదనే ఉంది.

కోత పెరగక తప్పలేదు. మగ్గం ఉంది, మనిషున్నాడు, రంగు లేదట. నెమలి మెడ రంగు డబ్బాలో దొరకదు, నెమలి దగ్గరే దొరుకుతుందని ముసలాయన దారపు కండె చేతికిచ్చి పంపాడట. ములుగులో జీపెక్కి, మేడారం దాటి అడవిలోకి పోయి నిలబడితే, నలభై నెమళ్లు ఒకదాని వెనక ఒకటి ముందర నడిచాయట. ఇది జర డల్లున్నది పో, నీ మెడ పొట్టిగున్నది నువ్వూ పో అని ముప్పై తొమ్మిదింటిని వాపసు పంపి, నలభయ్యోదాని మెడకు దారం తాకిస్తే ఆ రంగు సరసర పాకి కండెంతా ఎక్కిందట.

చాయ్ గ్లాసులు పట్టుకొచ్చిన రాయమల్లు పోవడం మరిచి అక్కడే గొంతుక్కూర్చున్నాడు. అంత దూరం ఒక్కదానివే పోయినవా, భయం కాలేదా బిడ్డా అని అడిగాడు.

ఫిర్దోస్ చున్నీతో మెడ తుడుచుకుంది. ఆ చెమట మాత్రం నిజమే.

“ఎందుకు కాదన్నా? ఎన్కకు తిరిగితే పులి. కదలదు, అరవదు, ఊకె చూస్తాంది. అది ఎప్పుడు మీద పడ్తదో తెలుస్తలేదు, నా కాళ్లు లేస్తలేవు, గుండె నోట్లెకొచ్చింది. మాట్లాడుకుంట ఉంటే అది ఆగుతదేమో అనిపించి మాట్లాడుడు షురూ చేసిన.”

ఆ మాటలు చెబుతున్నప్పుడు ఆమె చూపు దీప గోరు మీదనే ఉంది. గొంతులో వణుకు విని మొగిలమ్మ కూడా పూలు ముంచడం ఆపింది.

“పులితోని ఏం మాట్లాడినవే?” అంది దీప.

“అది దారం మీద కన్నేసిందక్కా. ఆడపులి. నేనన్న, చూడమ్మా, ఈ రంగు దీపక్కకు నప్పుతది, నీకు నప్పది. నీకిప్పటికే పసుపు ఎక్కువున్నది. మీదికెళ్లి అడ్డచారలు. నిలువు చారలైతే సన్నగ కనిపిస్తువు. అది విన్నది. ఒక్కసారి తన నడుము దిక్కు చూసుకున్నది. ఇగ నన్ను రోడ్డు దాకా సాగనంపి, బస్సు గూడ ఎక్కింది.”

“బస్సా?” అన్నాడు రాయమల్లు.

“మరేంది? ఆడోళ్లకు టికెట్ లేదు గదన్నా. కండక్టరు ఆధార్ కార్డు అడిగిండు. అది పంజా లేపి చూపెట్టింది. జీరో టికెట్ కొట్టి ఇచ్చిండు. ములుగుల ఒక ముసలమ్మ ఎక్కితే లేచి సీటు గూడ ఇచ్చింది, ఎవలన్న ఇస్తరా ఈ రోజుల్ల?”

రాయమల్లు చేతిలో చాయ్ చల్లారిపోయింది. పులి ఎక్కడ దిగిందో చెప్పడానికి ఫిర్దోస్ నోరు తెరిచింది గాని, ఈలోగా దీప కాగితం చింపేసింది.

చీర జారి ఒళ్లంతా పరుచుకుంది. మధ్యాహ్నపు ఎండకు నీలం మీద ఆకుపచ్చ పాకుతూ పోయింది. ఫిర్దోస్ ముక్కు వైపు చూసింది. అది ముడవలేదు. ఒక ఊపిరి, ఇంకో ఊపిరి. దీప కొంగు భుజాన వేసుకుని గాజు తలుపులో చూసుకుంది. “ఇసొంటి రంగు నేనెన్నడు చూడలే,” అంది మెల్లగా. “నాకు పెట్టేటోళ్లు చానమందున్నరు. నా ఒంటిని చూసి తెచ్చినోళ్లు లేరు ఫిర్దోస్.”

ఆ మాట ఫిర్దోస్‌కు సంతోషం తేలేదు. కౌంటర్ తనదైనట్టే. ఇక ప్రతి పండుగకు ఈ అరుగు మీద కూర్చుని, ఇట్లనే వణకాలి.

మొగిలమ్మ ఫాల్‌కు ఎంత గుడ్డ పడుతుందో చూద్దామని చీర అంచు చేతిలోకి తీసుకుంది. మూల దాకా వచ్చి ఆగింది. కళ్లద్దాలు సర్దుకుంది.

“పులి పసుపు గూడ పెట్టిందా బిడ్డా?”

చీర మూలన పసుపు బొట్టు. కొత్త బట్ట ఎవరికి పెట్టినా మూలకు పసుపు అద్ది పెట్టడం వీళ్ల ఇండ్లలో అలవాటు. ఫిర్దోస్ రాత్రి కొంగు చూసి మురిసిందే గాని ఆ మూల చూడలేదు, చూసినా ఏదో మరక అనుకునేది. ఆ బొట్టు చుట్టూ ఆకుపచ్చగా, సగం చంద్రుడిలా, వేలిముద్ర ఉంది.

మొగిలమ్మ రంగు అంటిన తన బొటనవేలు దాని పక్కన పెట్టింది. అదే వెడల్పు. అదే ఆకుపచ్చ.

“ఈ ఏలు నాదే,” అంది. “పోయినేడు బతుకమ్మ ఎల్లినంక షాహీన్ పెండ్లికి పోయినం గద దీపమ్మా, మీ అమ్మ బీరువలకెళ్లి కవర్ తీసి, పసుపు పెట్టియ్యుమని నాకిచ్చినవ్. గునుగు రంగు చేతికి ఇంక పోలే అప్పటికి. పులి మేడారంకెళ్లి రాలేదు. మన బీరువలకెళ్లే ఎల్లింది.”

రాయమల్లు గ్లాసులు ఏరుకుని, ఎవరివైపూ చూడకుండా మెట్లు దిగాడు.

అప్పుడు ఫిర్దోస్‌కు గుర్తొచ్చింది, పెండ్లిమండపంలో నల్లద్దాలు పెట్టుకుని దీప షాహీన్ చేతిలో కవర్ పెడుతూ చెప్పిన మాట. ‘నీకోసమే పోచంపల్లిల మూడు నెలలు కూసోబెట్టి నేయించిన.’ అక్క మురిసిపోయి వారం రోజులు చెప్పుకుంది.

దీప భుజం మీద కొంగు తీసి ఒళ్లో పెట్టుకుంది. చాలాసేపు మడతలు సరిచేసింది. తల ఎత్తకుండానే అడిగింది.

“ఆ రోజు... ఇది ఇచ్చుకుంట నేనేమన్న చెప్పిన్నా?”

ఫిర్దోస్ పూల వైపు చూసింది. “యాదికి లేదక్కా,” అంది. పొద్దుటినుంచి ఆడిన అబద్ధాలన్నిటిలోనూ పొట్టిది అదే.

దీప ఆమెను ఒకసారి నిదానంగా చూసింది. ముక్కు ముడవలేదు. చినిగిన బంగారు కాగితం పక్కకు నెట్టి, షాపు లోపలినుంచి కొత్త కాగితం, టేపు తెచ్చింది. సాయంత్రం భవాని బతుకమ్మ ఆడనీకి వస్తుందని, ఆమెకేమివ్వాలో తోచక తను కూడా వారం నుంచి నిద్ర పోలేదని చెప్పింది. “సోమవారం కౌంటర్ల కూసుందువు గని,” అంది చీర మీద కాగితం మడుస్తూ. “ఇయ్యాల మాత్రం పులి ముచ్చట మళ్ల మొదలుకెళ్లి చెప్పాలె. భవానికి సరిపడ.”

మొగిలమ్మ పసుపు మూలను లోపలి మడతలోకి నెట్టింది. రిబ్బను అందించబోయిన ఫిర్దోస్ చెయ్యి వెనక్కి తీసుకుంది.

“అక్కా,” అంది. “మీ అమ్మకు ఈ చీర ఎవలు పెట్టిన్రో యాదికున్నదా?”

దీప చేతిలో టేపు ఆగిపోయింది.