పెరటి గోడకి అటూ ఇటూ

అయినా నాకెందుకమ్మా! ఎవరి రేకులు ఎగిరిపోతే నాకేంటి? నేనిప్పుడు ఎవరితోనూ మాట్లాడట్లేదు. ఈ నీళ్ళ డ్రమ్ముతో మాట్లాడుతున్నా. నా పెరడు, నా డ్రమ్ము, నా ఇష్టం. గోడ అవతల ఎవరికైనా చెవులుంటే అది నా తప్పు కాదు.

ఇదిగో డ్రమ్మూ, విను. నిన్ను నిండా నింపి, మూత పెట్టి, తాడేసి కట్టేశాను. కరెంటు పోయిందంటే మోటరు ఆడదు. మళ్ళీ ఎప్పుడొస్తుందో ఆ తీగలు లాగే మా ఆయనకే తెలీదు. తాగే నీళ్ళు బిందెల్లో పట్టి లోపల పెట్టుకున్నాను. అవతలి వాళ్ళు పట్టుకున్నారో లేదో మరి, పొద్దుట్నుంచీ అటు బిందె చప్పుడే లేదు.

ఆ! వినపడింది! చూశావా డ్రమ్మూ, చెప్తే గానీ తోచదు కొందరికి.

పూలకుండీలు కూడా లోపల పెట్టుకోవాలి. దండెం మీద బట్టలే కాదు, దండెం కూడా విప్పేయాలి. ఈ గాలికి కుండీ ఎగిరొచ్చి తగిలిందంటే మనిషి మిగలడు. గ్యాసు కట్టేయాలి. మెయిన్ ఆపేయాలి. తెగిన తీగ కనపడితే ఆ దరిదాపులకి కూడా పోకూడదు.

దగ్గక్కర్లేదు. లైన్‌మన్ పెళ్ళానికి కరెంటు పాఠాలు చెప్తున్నానని నాకూ తెలుసు.

అసలు ఈ తుఫాను ఉద్యోగాలేంటో! ఊళ్ళో మగాళ్ళందరూ తలో సుత్తీ పట్టుకుని కిటికీలకి చెక్కలు కొట్టుకుంటుంటే, మన మగాళ్ళిద్దర్నీ జీపెక్కించుకుపోయి ఎక్కడో సబ్‌స్టేషన్లో కూర్చోబెట్టారు. గాలి తగ్గగానే స్తంభాలెక్కాలట. అన్న ఎక్కితే తమ్ముడు కింద తాడు పట్టుకుంటాడు. ఇద్దరూ ఒకే డబ్బాలో తింటారు. వాళ్ళ పెళ్ళాలు మాత్రం వానగొట్టం కోసం మాటలు మానేశారు. కందకి లేని దురద కత్తిపీటకెందుకో!

"మన మగాళ్ళు" అన్నానా? నోరు జారింది. లెక్కలోకి తీసుకోవద్దు.

గొట్టం తిప్పించమంది, ఒప్పుకున్నాను. మా డాబా మీద నీళ్ళు వాళ్ళ వాకిట్లో పడుతున్నాయి, నిజమే. రేపన్నాను, ఎల్లుండన్నాను, అదీ నిజమే. అంతమాత్రానికే వీధంతా వినేలా ఒట్టేసుకుంటారా? "చచ్చినా నీ గడప తొక్కను" అట! ఎండ కాసేటప్పుడు అనడానికి ఎంత బాగుంటుందో ఆ మాట.

అయ్యో! అదేంటి చప్పుడు? నీ వంటింటి రేకేనా?

రాయి పెట్టకు! ఇసక మూటైనా పెట్టకు. దాని కొక్కెం వదులైపోయిందని మొన్ననే మీ మరిది చెప్పారు. రేకు లేచిందంటే రాయి నీ నెత్తిన పడుతుంది. ముందు ఆ కుర్చీ దిగు. ఆ మోకాలేసుకుని కుర్చీ ఎక్కుతారా ఎవరైనా? దిగు అక్కా!

సరే. నీతోనే మాట్లాడుతున్నా. డ్రమ్ముకి రేకులెక్కడున్నాయి?

ఇటొచ్చేయ్. బడిలో జనాన్ని పెడుతున్నారు గానీ, ఆ వీధిలో అప్పుడే మోకాలిలోతు నీళ్ళు. నువ్వక్కడిదాకా నడవలేవు. నాది నాలుగడుగుల దూరం. గడప తొక్కనని ఒట్టేశావు, సరే, తొక్కకు. పెరటి గోడ దాటనని ఒట్టెయ్యలేదుగా? ఇదిగో, నీ వైపు స్టూలు దించాను. మా పెరటి తలుపుకి గడపే లేదు, గచ్చు వేయించినప్పుడు తీయించేశాం. దేవుడొచ్చి అడిగినా నీ ఒట్టు చెక్కు చెదరలేదనే చెప్తాను.

నవ్వావా? నవ్వలేదా. సర్లే.

అలా బెల్లంకొట్టిన రాయిలా నిలబడితే ఎలాగక్కా? నీ పెరట్లో చెట్టు చూడు, కొమ్మలు నీ ఇంటి మీదకే వాలుతున్నాయి. ఇది ఇంకా మొదలే. మధ్యలో గాలి ఒక్కసారిగా ఆగిపోతుంది, అయిపోయిందనుకుని మనుషులు బయటికొస్తారు, అప్పుడు అటునుంచి తిరగబడి కొడుతుంది. ఇదంతా నాకు చెప్పింది నువ్వే. పెళ్ళయి వచ్చిన ఏడు తుఫానొస్తే, నన్ను మంచం పక్కన గోడకి ఆనించి కూర్చోబెట్టి, "కళ్ళు మూసుకో, నేనున్నా" అన్నావు. అప్పుడు ఇల్లంతా ఒక్కటే. ఇప్పుడు పంచుకున్నాం కదా, ఎవరి భయం వాళ్ళదే కాబోలు.

నాకు భయమేస్తోందక్కా. గాలికి కాదు.

ఒక మాట చెప్తాను, కోప్పడకు. పోనీ కోప్పడు, నోరైనా విప్పుతావు.

పొద్దున మీ మరిది ఫోన్ చేశారు. నీ ఫోన్‌కి ఎంత చేసినా పలకట్లేదట. ఛార్జింగ్ పెట్టుకోవద్దూ? బావగారు అక్కడ ఒక్క చోట నిలవడం లేదట. "రేకుల కింద ఒక్కతే ఉంది, ఏమైతే అది అయింది, బండేసుకుని పోతా" అంటున్నారట. ఏటి వంతెన మీద నుంచి నీళ్ళు పోతున్నాయని అప్పటికే టీవీలో చూపిస్తున్నారు. "వదినేదీ?" అనడిగారు మీ మరిది.

నా పక్కనే ఉందన్నాను.

ఏం చెయ్యను మరి? ఫోనివ్వు, అన్నయ్య మాట్లాడతాడట అన్నారు. స్నానానికెళ్ళింది అన్నాను. పక్కనే ఉందన్నదాన్ని అప్పుడే స్నానానికి పంపేశాను! నా నోట్లో నువ్వుగింజ నానదంటావు గానీ, అబద్ధం అతికించడం కూడా రాదు నాకు. అయినా నమ్మారు. నమ్మి బావగారు బండి తాళం జేబులో వేసేసుకున్నారట, అక్కణ్ణించే నాకు వినపడింది, "హమ్మయ్య" అనడం. అంతే, సిగ్నల్ పోయింది. అప్పట్నుంచీ చేస్తూనే ఉన్నా, కలవట్లేదు.

అర్థమవుతోందా? నీ కోసం రాబోయిన మనిషిని ఆపింది నేను. నిజం చెప్తే ఆ వంతెన మీద ఏమయ్యేవారో. చెప్పలేదు కాబట్టి ఈ రేకుల కింద నువ్వేమవుతావో. రేపు ఆయనొచ్చి "ఏదీ?" అంటే నేనేం చూపించాలి?

అటు తిరిగి నిలబడ్డావేం? ఏడుస్తున్నావా?

ఏడు. ఏడ్చి అయినా రా.

రావా? ఒట్టు ఒట్టేనా?

సరే. నువ్వు పెద్దకోడలివైతే నేను చిన్నకోడల్ని, మొండితనంలో నీకేం తీసిపోను. డాబాకి గొళ్ళెం పెట్టేశాను. అందులో ఒక్కదాన్నే కూర్చుని నీ రేకులు ఎగరడం వినడం నా వల్ల కాదు. జరుగు, నేనే దూకుతున్నా. పడితే పడనీ, ఇద్దరి నెత్తినా పడనీ.

పక్కనే ఉందని చెప్పాను. ఏ ఇంట్లోనో నన్నెవరూ అడగలేదు.