కొసరు వేసిన తూటాలు

కూసో బిడ్డా. ముందే చెప్తున్న, నమ్మనోడు ఇప్పుడే లేచి రాస్ లఫాన్ బస్సెక్కి డ్యూటీకి పోవచ్చు. నడుమల నవ్వితే మాత్రం చాయ్ సుత పొయ్య. మీ నాయిన రాజనర్సు ముచ్చటే గద నీకు కావల్సింది? ఆయన సచ్చిపోయి ఇన్నేండ్లాయె, నా కోపం ఇంకా దిగలే, ఏం జేయమంటవు!

అప్పుడు చమురు పైసల జోరు. మదీనత్ అల్ షమాల్‌ల మా అర్బాబు, అదే మా అరబ్బు యజమాని, కారు మురికైతే కడిగిచ్చుడు లేదు, కొత్తది కొనుడే. ఆయనకు ఒక్కటే రంది. శుక్రవారం వస్తే తమ్ముళ్లతోని రైఫిల్ గురి పందెం, ఓడుడే ఓడుడు. దుకాణం తూటాలు ఒక్క తీరుగ పోతలేవని, ఖాళీ తూటాలల్ల మందు తూచి నింపే సామాను తెప్పిచ్చిండు. తూచేది ఎవరు? కోరుట్ల కిరాణా దుకాణంల తక్కెడ పట్టి పెరిగిన మీ నాయిన! "రాజనర్సూ, అయిదు గుండ్లు నా అరచేయంత జాగల పడాలె. పడితే యల్లా, ఊరికి పో, కొడుకును జూసి రా" అన్నడు అర్బాబు. కొడుకంటే నువ్వే. నడక సుత నేర్చినవు, ఆయన ఇంకా నీ మొఖం జూడలే.

ఇగ మొదలువెట్టిండు సూడు. తక్కెడ ఊగుతదని ఫ్యాన్ బందు. ఆ ఎండకు ఒంటె నీడ ఒంటెను ఇడిచిపెట్టి మా రూముల జొరబడ్తుండె, అయినా ఫ్యాన్ బందే! "ఓ రాజన్నా, నీ గుండు ఎవనికి తాకుతదో ఏమో గని, ముందుగాల మేం సస్తున్నమే!" అని మా రూముల ఉండే గంగన్న మొత్తుకున్నడు. వింటెగా! ముల్లు నడుమల నిలిచేదాక ఊపిరి సుత ఇడువడు. ఇంత జేసి కాలిస్తే ఒకటి పైకి, ఒకటి కిందికి, ఒకటి మేకల దొడ్డి దిక్కు! మల్ల వారం గంతే. ఇదేం పీడ అని పక్కన కూసొని కండ్లార్పకుంట జూసిన. అప్పుడు దొరికిండు! ముల్లు నిలవంగనే, గిన్నె దించేముందు, రెండేళ్లతోని ఇంత చిటికెడు మందు మీదికెళ్ళి ఏస్తుండు. "ఏందే అది?" అంటే "ఏది?" అంటడు. కొసరు బిడ్డా, కిరాణా కొసరు! పప్పుకు, చక్కెరకు ఏసిన చెయ్యి తుపాకి మందుకు సుత ఏస్తుంది! ఒకదాంట్ల చిటికెడు, ఇంకోదాంట్ల చిటికెడున్నర. "రైఫిల్ పేలి అర్బాబు మొఖం మీదికొస్తదే!" అంటే, "బరాబర్ తూచి ఇడిచిపెడితే పీనాసోని లెక్క ఉంటది, చెయ్యి ఒప్పదే" అంటడు. ఆ చెయ్యి మీద కొట్టిన, అయినా ఏసింది! ఆఖరికి ఉపాయం నేనే జెప్పిన, నేనుగాక ఎవరు జెప్తరు: "ముందుగాల కొసరు పక్క డబ్బల ఏసుకో, తర్వాత తూచు." చెయ్యి నిమ్మలపడ్డది.

ఆ శుక్రవారం అయిదు గుండ్లు కాలిస్తే గురి కాగితానికి ఒక్కటే బొక్క! నాలుగు తప్పినయని తమ్ముళ్లు పొట్టలు పట్టుకొని నవ్విండ్రు. అర్బాబు డ్రైవర్ వెనక మట్టికుప్ప తవ్వితే అయిదు గుండ్లు ఒకదాని నెత్తిన ఒకటి కూసున్నయి! ఇగ ఊరికి పోవుడే గద? అర్బాబు మీ నాయినను కావలిచ్చుకొని, "ఇసొంటి చేతిని ఎవడన్న పంపుకుంటడా? ఇజాజా మాఫీ, సెలవు లేదు" అన్నడు. మాట తప్పినవని మొత్తుకోవాలెనా వద్దా? మేమందరం మొత్తుకున్నం. మీ నాయినేమో మీసం దువ్వుకుంట, "వచ్చేవారం ఎన్ని జేయాలె అర్బాబ్?" అన్నడు. మెచ్చుకుంటే సాలు, ఆ మనిషికి ఇంకేం వద్దు! సెలవియ్యలేదని మీ అవ్వ చెప్పిందా? ఇయ్యలే, నిజమే. ఈయన ఒక్కసారన్న అడగనే లేదని ఆమెకు ఎవరు జెప్పాలె? నీ మొఖం జూడాల్సినోడు, ఆ కాగితం బొక్కను జూసుకుంట కూసున్నడు...

ఏం, గట్ల జూస్తవు? అబద్ధమంటవా? ఆ మట్టి తవ్విన డ్రైవర్ ఇంకా ముఐథర్‌లనే ఉన్నడు. పోయి అడుగు. పేరు రఫీయుద్దీన్.